పన్నెండు లెక్కలు

ఇంకా 30 రోజులు

ఈ పుస్తకం పిల్లల పని రాసుకోమని ఇచ్చారు. ఎవరు ఏం నేర్చారు, ఎవరు ఎవరిని కొరికారు, అంతవరకే. ఇవాళ్టి నుంచి ఇందులో ఒక్క పిల్ల గురించే రాస్తాను. మిగతా పిల్లల తల్లులు నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ.

జాబిలికి పోయిన నెల ఐదేళ్ళు నిండాయి. ఐదు నిండేదాకా హాజరులో తల్లి పలికితే సరిపోయేది. ఇప్పుడు తనే పలకాలి. పోయిన వారం సైరన్ మోగింది. నేల కింద మేం కాపురముండే ఈ పాత గనిలోకి, మా బాయిలోకి, చెడుగాలి వచ్చింది. మూడో లెవెల్లో ఉన్న మూడువందల పన్నెండు మందిమీ ఆసరా గదిలో దూరాం. గోడలోని హాజరు పెట్టె ఒక్కొక్కరి పేరు పిలవడం మొదలుపెట్టింది. జాబిలి పేరు వచ్చినప్పుడు పలుకు రాలేదు. పెట్టె మూడు లెక్కలు ఆగింది. అంటే ఒకటి, రెండు, మూడు అని మనసులో అనుకున్నంత సేపు. తర్వాత ఎర్రలైటు వెలిగింది. గల్లంతయినవాళ్ళను వెతికే పని ఓదెలన్నది, మాస్కు తగిలించుకుని పిల్ల కోసం చెడుగాలిలోకి పోయాడు.

జాబిలి గదిలోనే ఉంది. పంతొమ్మిదో బెంచీ కింద కూర్చుని తన టిఫిను డబ్బా మూత తిప్పుకుంటోంది. ఆ మసక వెలుతుర్లో వాళ్ళమ్మ సారక్క బెంచీల మధ్య పాక్కుంటూ పోయి దాన్ని కనుక్కునేసరికి పావుగంట పట్టింది. అప్పటికి ఓదెలన్న మాస్కు పట్టీ తెగి, గోడ పట్టుకుని వెనక్కి వస్తున్నాడు. అతని ఊపిరితిత్తులు ఇక మునుపటిలా ఉండవని డాక్టరమ్మ చెప్పింది.

ఇవాళ నోటీసు వచ్చింది. ముప్పై రోజుల్లో ఉత్తుత్తి హాజరు పెడతారు. అందులోనూ పలకకపోతే జాబిలిని పై వార్డుకు మారుస్తారు. పై వార్డు మొదటి లెవెల్లో ఉంది, నేలకు దగ్గర. పైన కాసే ఎండ వేడి కప్పులోంచి దిగుతుంది. అక్కడ నర్సులు మంచాల వరసన పిల్లల్ని లెక్కపెడతారు. సారక్కకేమో ఇక్కడ మూడో లెవెల్లో పని, గాలి మిషన్లకు కట్టే వడపోత గుడ్డలు ఉతకడం. కూతుర్ని వారానికి ఒకసారి పోయి చూడొచ్చట.

పోయిన ఏడు ఇక్కణ్ణుంచి ఒక పిల్లవాణ్ణి అలాగే పంపారు. నా వేలు పట్టుకుని నీళ్ళ డ్రమ్ము దగ్గరికి లాక్కెళ్ళేవాడు. నెల తర్వాత చూడబోతే వేలు అందించినా పట్టుకోలేదు. అక్కడ టైముకి నీళ్ళు పోస్తారు, అడిగే పని లేదు. అడగడం మరిచిపోయాడు. నాకు భయం అందుకే.

ఇంకా 26 రోజులు

ఆటిజం ఉన్న పిల్లలతో నేను చేసేది చూసేవాళ్ళకు పనిలాగే ఉండదు. నేల మీద చతికిలబడి మూతలు తిప్పుకుంటున్న నలభై ఏడేళ్ళ మనిషిని చూసి, టీచరమ్మకు పిల్లలతో కూర్చుని చిన్నతనం వచ్చిందని నవ్వుకుంటారు. నవ్వుకోండి.

నేను ప్రశ్నలు వేయను. ఇదేంటి, అదేంటి, చెప్పు చెప్పు అని వెంటపడను. గడ్డం పట్టుకుని నా మొహం చూడమనను. పిల్ల దేన్ని చూస్తోందో నేనూ దాన్నే చూస్తాను. అది మూత తిప్పితే నేనూ తిప్పుతాను. కాసేపటికి నేను ఆపేస్తాను. ఆపి, ఆగుతాను. ఇందులో కష్టమంతా ఆ ఆగడంలోనే ఉంది.

ఇవాళ బడిగది గోడ వెంట పోయే నీళ్ళ పైపు మీద మూతతో రెండు దెబ్బలు కొట్టాను. లోపల లెక్కపెట్టుకున్నాను. ఐదు, ఆరు, ఏడు. అది ఎటో చూస్తోంది. తొమ్మిది, పది. పదకొండు దగ్గర తన మూత పైపుకు ఆనించి ఒక్క దెబ్బ కొట్టింది.

ఏదో తగిలి ఉంటుందనుకుని మళ్ళీ కొట్టాను. మళ్ళీ బదులిచ్చింది. మొత్తం ఏడుసార్లు. ఒకసారి తొమ్మిది లెక్కలు, ఒకసారి పన్నెండు, మిగతావన్నీ పదకొండు. ఏడోసారి కొట్టాక నా చేతి వైపు చూసింది, నీ వంతు అన్నట్టు. నాకు లేచి గంతులేయాలనిపించింది. మోకాళ్ళ నొప్పి వల్ల వేయలేదు.

పిలిస్తే పలకడం అంటే ఇదే. దానికి పదకొండు లెక్కలు పడుతుంది, అంతే.

ఇంకా 21 రోజులు

సారక్కను ఇవాళ గట్టిగా కసిరాను. పాపం, షిఫ్టు మధ్యలో తడి చేతులతో పరుగెత్తుకొచ్చి కూర్చుంటుంది. కానీ కుదురుగా ఉండదు. ఒక చేతిలో నీళ్ళ గ్లాసు, ఒక చేతిలో జావ గిన్నె పట్టుకుని జాబిలి ముందు పెట్టి, "నీళ్ళా, జావనా?" అని ఆగాను. నాలుగు లెక్కలు కాకముందే సారక్క అందుకుంది.

"జావ తాగుతది టీచరమ్మా. పొద్దుగాల కూడా గదే తాగింది."

"నిన్నడిగిన్నా నేను? దాని బదులు నువ్వే చెప్తే అది ఎప్పుడు చెప్తది? రేపు పెట్టె పిలిస్తే కూడా నువ్వే పలుకుతవా? నోరు మూసుకొని కూసో."

సారక్క రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. పెట్టుకుని వేళ్ళ సందుల్లోంచి నవ్వింది. నేను మళ్ళీ గిన్నె, గ్లాసు ముందుకు చాపి ఆగాను. తొమ్మిది దగ్గర జాబిలి జావ గిన్నె అంచు వేలితో ముట్టుకుంది.

"చూసినవా? అడిగింది."

సారక్క చేతులు నోటి మీదే ఉన్నాయి. నవ్వు మాత్రం లేదు, కళ్ళ నీళ్ళు కారుతున్నాయి. ఇంటి దగ్గర కూడా ఇలాగే ఆగమని చెప్పాను. ఆగుతానంది.

ఇంకా 17 రోజులు

హాజరు ఇన్‌ఛార్జి పర్వీన్ మేడం దగ్గరకు వెళ్ళాను. పైపు ఆట సంగతి చెప్పాను. జాబిలికి మూడు కాదు, పన్నెండు లెక్కలు ఇవ్వమన్నాను. గొంతు బదులు బెంచీ మీద ఒక దెబ్బ కొడితే లెక్కలోకి తీసుకోమన్నాను.

ఆమె కోపగించుకోలేదు. కోపగించుకుంటే నేనూ రెండు మాటలు అనేదాన్ని.

"కళావతీ, పేర్లన్నీ అయ్యేదాకా తలుపు రబ్బరు బిగుసుకోదు. అంతసేపు సందులకెళ్ళి చెడుగాలి వస్తనే ఉంటది. ఒక్కరికి పన్నెండు ఇస్తే తతిమ్మా మూడువందల పదకొండు మంది ఆ గాలి పీల్చాలె. ఇంకొకరు వచ్చి మాకూ ఇయ్యమంటరు. ఎంతమందికి ఇయ్యాలె నేను?"

"మరి కళ్ళతోటి చూసి లెక్కపెట్టుకోరాదా?"

"చూసినం. టోకెన్లతోటి కూడా చేసినం, లోపలికొచ్చినోళ్ళు కొక్కేనికి తగిలియ్యాలె. గప్పుడు మా తమ్ముని టోకెను గది లోపల కొక్కేనికి వేలాడుతుండె. అందరూ ఉన్నరని తలుపు బిగిచ్చిన్రు. మనిషి బయట ఉండె." ఆమె కాసేపు టేబులు మీది కాగితాలు సర్దింది. "గందుకే గొంతు పెట్టినం. గొంతును కొక్కేనికి తగిలియ్యలేరు గదా."

లేచి వచ్చేశాను. ఆమె మాట అబద్ధం కాదు. నా మాటా అబద్ధం కాదు.

ఇంకా 12 రోజులు

ఇవాళ జాబిలి మాట్లాడింది.

దానికి మాటలు రావని కాదు. ఒక్కోసారి హాజరు పెట్టె అనేవి అదే గొంతుతో అంటుంది. స్నానం చేయిస్తుంటే "తలుపు బిగుసుకుంటోంది" అని సారక్కను హడలగొట్టిన రోజులున్నాయి. కానీ ఇవాళ మూతలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ, నా వైపు చూడకుండా, "ఉన్న" అంది. హాజరులో అందరూ పలికే మాట అది. లేత గొంతు, చివర కొంచెం పైకి లేచింది.

మాటడబ్బా పక్కనే ఉంది. మాట రాని పిల్లలు బొమ్మ నొక్కితే మాట పలికే చిన్న పెట్టె అది. గదిలో వినిపించేవన్నీ దాచుకుంటుంది కూడా. ఆ "ఉన్న" అందులో పడింది. సారక్క వచ్చాక వినిపించాను. ఇరవైసార్లు పెట్టించుకుని విన్నది.

ఇంకా 8 రోజులు

ఆ మాట మళ్ళీ రాలేదు. నాలుగు రోజులు ఎదురుచూశాను.

ఇవాళ నేను చేసింది రాయాలంటే సిగ్గుగా ఉంది. ఎదురుచూడలేకపోయాను. దాని రెండు చేతులూ పట్టుకుని ఎదురుగా కూర్చోబెట్టి, "ఆకుల జాబిలి" అని పెట్టె గొంతుతో పిలిచి, "ఉన్న అను, ఉన్న అను" అన్నాను. ఒకసారి కాదు. నలభైసార్లు అని ఉంటాను. ఎదుటివాళ్ళు ఇలా చేస్తే చీపురు తిరగేసే మనిషిని. కళ్ళ ముందు పై వార్డు మంచాలు కనబడుతుంటే ఆగలేకపోయాను.

జాబిలి చేయి విడిపించుకుని తన మణికట్టు తనే కొరుక్కుంది. రక్తం వచ్చింది. తర్వాత మూల కూర్చుని గోడ వైపు తిరిగింది. నేను పైపు మీద రెండు దెబ్బలు కొట్టాను. పన్నెండు లెక్కపెట్టాను. ఇరవై లెక్కపెట్టాను. అరవై దాకా లెక్కపెట్టి మానేశాను.

ఇంకా 5 రోజులు

మూడు రోజులుగా పైపు ఆట లేదు. మూత నా చేతిలో చూస్తేనే మొహం తిప్పుకుంటోంది. ఉన్న కాస్త దారీ నా చేతులతో నేనే పూడ్చాను.

సారక్క మధ్యాహ్నం వచ్చి గుమ్మంలో నిలబడింది. "టీచరమ్మా, ఆ డబ్బల మాట ఉన్నది గదా," అంది. అంతకంటే ఏమీ అనలేదు.

నేనూ మూడు రోజులుగా అదే అనుకుంటున్నాను. పేరు వినిపించగానే దానంతటదే పలికేలా మాటడబ్బాను సర్దడం నాకు తెలుసు. గొంతు దొంగగొంతు కాదు, జాబిలిదే. దాన్ని పై వార్డు నుంచి తప్పించాక తీరిగ్గా మళ్ళీ మొదటి నుంచి ఆట మొదలుపెట్టుకోవచ్చు. ఇలా నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఇంకా భయం పోలేదు, కానీ ఒక పని చేస్తున్నానన్న ధైర్యం వచ్చింది.

ఇంకా 2 రోజులు

డబ్బాను పిల్ల మెడలో కట్టాలనుకున్నాం. జాబిలి ఒంటి మీద తాడు నిలవనివ్వదు, గౌను వెనక కుట్టిన పేరు చీటీని కూడా పీకేస్తుంది. జేబులో వేస్తే తీసి పారేసింది. గదిలోకి వచ్చాక అది ఎప్పుడూ కూర్చునేది పంతొమ్మిదో బెంచీ కిందే. అందుకని ఆసరా గది ఊడ్చే వంతు నాకు వచ్చినప్పుడు, ఆ బెంచీ అడుగున డబ్బాను జిగురుతో అంటించాను. సారక్క గుమ్మం దగ్గర కాపలా నిలబడింది.

"ఆకుల జాబిలి" అని మెల్లగా పిలిచాను.

"ఉన్న," అంది బెంచీ.

సారక్క నవ్వింది. నేనూ నవ్వాను. చీపురు అందుకుని మిగతా గది ఊడ్చాను.

హాజరు రోజు

పలికింది. పచ్చలైటు వెలిగింది. జనం చప్పట్లు కొట్టారు. జాబిలి బెంచీ కింద చెవులు మూసుకుంది.

ఓదెలన్న ఇప్పుడు వెతికే పని చేయలేడు గనక తలుపు కాపలాకు వేశారు. దగ్గుకుంటూ వచ్చి జాబిలికి కొత్త స్టీలు మూత ఒకటి ఇచ్చాడు. "మా బంగారుతల్లి పలికిందిరా," అన్నాడు. పర్వీన్ మేడం నా భుజం తట్టి, పన్నెండు అడిగినవ్ గానీ మూడింట్లోనే చేసి చూపించినవ్ అంది.

రేపు ఊడ్చే నెపంతో వెళ్ళి డబ్బా తీసేయాలి. తీసేస్తే వచ్చే హాజరుకు ఎలా? ఉంచితే? ఇంకొన్నాళ్ళు ఉండనీ అనుకున్నాను.

సైరన్ తర్వాత మూడో రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను. పర్వీన్ మేడం కూడా రాసి ఇమ్మంది.

హాజరు అయిన ఆరో రోజు పొద్దున పదకొండింటికి సైరన్ మోగింది. బడిగదిలో నా దగ్గర ముగ్గురు పిల్లలున్నారు. ఇద్దర్ని ఒక చేత్తో, జాబిలిని ఒక చేత్తో పట్టుకుని బయటికి వచ్చాను. సైరన్ మోత జాబిలి భరించలేదు. చెవులు మూసుకోవడానికి దానికి రెండు చేతులూ కావాలి. నా చేతిలోంచి చెయ్యి లాగేసుకుంది. వెనక నుంచి జనం తోసుకొచ్చారు. తల తిప్పి చూసేసరికి ముందు గుంపులో సారక్క పచ్చచీర, ఆమె చేతిలో నీలం గౌను పిల్ల లోపలికి పోతున్నారు. అమ్మయ్య, తల్లి అందుకుంది అనుకున్నాను. ఈ లెవెల్లో సగం మంది పిల్లలకు నీలం గౌన్లే, ఒకే తాను గుడ్డ మరి. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

నేను నాలుగో బెంచీ దగ్గర ఇరుక్కున్నాను. పేర్లు మొదలయ్యాయి. "ఆకుల జాబిలి" అంది పెట్టె.

"ఉన్న."

ఆ గొంతు వినగానే నా ప్రాణం కుదుటపడింది. డబ్బా అంటించిన మనిషిని నేను. నేనే నమ్మాను. లెక్క పూర్తయింది, తలుపు రబ్బరు గట్టిగా బిగుసుకుంది. అప్పుడు సారక్క జనాన్ని తోసుకుంటూ నా దగ్గరకు వచ్చింది.

"బిడ్డ ఏది టీచరమ్మా?"

"నీ తాన లేదా?"

ఇద్దరం పంతొమ్మిదో బెంచీ వైపు చూశాం. దాని మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. కింద ఖాళీ.

బయట చెడుగాలి, లోపల మేము, పిల్ల ఉన్నదని నేను చేయించిన సాక్ష్యం. పర్వీన్ మేడం తమ్ముడి టోకెను గుర్తొచ్చింది. అప్పుడు గుర్తొచ్చి ఏం లాభం.

ఓదెలన్న దగ్గరకు పరుగెత్తి తలుపు తీయమన్నాను. "హాజరు అయింది గదా టీచరమ్మా. గల్లంతయినోళ్ళు ఎవ్వరూ లేరు. లెక్క నిండినంక ఇది నేను తీసినా రాదు," అన్నాడు.

"జాబిలి లోపల లేదన్నా. పలికింది అది గాదు. బెంచీ కింద నేను డబ్బ పెట్టిన."

చుట్టూ ఉన్నవాళ్ళంతా విన్నారు. ఎవరో బూతు తిట్టారు. నేను నేల మీద పడి బెంచీ కిందికి దూరి డబ్బాను పీకాను, గోరు ఊడివచ్చింది. ఓదెలన్న చేతిలో పెట్టాను. అతను దాన్ని చూశాడు, నన్ను చూశాడు. డబ్బా నోరు నొక్కేసి, మళ్ళీ పిలిచే మీట తిప్పాడు.

"ఆకుల జాబిలి."

ఎవరు కంగారులో నోరు జారి పలికినా తలుపు రాదు. సారక్క రెండు చేతులూ నోటి మీద అదిమి పెట్టుకుంది. నేనే నేర్పించాను అలా. ఒకటి, రెండు, మూడు. ఎర్రలైటు వెలిగింది. తలుపు సందు ఇచ్చింది.

గదిలో మిగిలినవి రెండు మాస్కులు. వెతికే కుర్రాళ్ళు ముందుకొచ్చారు. ఓదెలన్న ఒకటి తనే తగిలించుకుని, రెండోది నాకిచ్చాడు. "పోయినసారి పేరు పెట్టి గొంతు పోయేదాక ఒర్లిన. పిలిస్తే పలికే పిల్ల గాదు. ఎట్ల పిలవాల్నో నీకెరుక, నువ్వు రా," అన్నాడు. సారక్క నేనూ వస్తానంది. మాస్కు లేదు.

మాస్కుల్లో పద్దెనిమిది నిమిషాల గాలి. వరండాలో లైట్లు ఎర్రగా ఉన్నాయి. చెడుగాలి బరువైనది, నేల వెంట పాకుతుంది. జాబిలి కూర్చునే ఎత్తులోనే ఉంటుంది. నేను ఆ ఆలోచన దగ్గరికి పోకుండా నడిచాను. బడిగది దగ్గర పైపు మీద రెండు దెబ్బలు కొట్టమన్నాను, ఓదెలన్న మాస్కు గొట్టంతో కొట్టాడు. వెంటనే ముందుకు కదలబోయాడు. చెయ్యి పట్టి ఆపాను. వేళ్ళు చూపించి లెక్కపెట్టాను. పన్నెండు అయింది. ఏమీ లేదు.

మలుపు దగ్గర మళ్ళీ కొట్టాం. ఏమీ లేదు. రెండు వారాలుగా అది నాతో ఆ ఆట ఆడలేదు. నా మీద అలిగిన పిల్ల ఇప్పుడు బదులిస్తుందా? అసలు బదులిచ్చే స్థితిలో ఉందా? ఓదెలన్న మాస్కులో దగ్గుతున్నాడు. గాలి ముల్లు సగానికి పడింది. అతను వెనక్కి పోదామన్నట్టు తల ఊపాడు. ఇంకొక్కచోట, అని వేలు చూపించాను.

క్యాంటీను మూల దగ్గర నేనే కొట్టాను. రెండు దెబ్బలు. ఒకటి. రెండు. పైపులో నీళ్ళ చప్పుడు. ఐదు. ఓదెలన్న కూడా వేళ్ళు ముడుస్తూ లెక్కపెడుతున్నాడు. ఎనిమిది. తొమ్మిది. పది. పదకొండు. పన్నెండు.

పక్కనే, చాలా మెల్లగా, ఒక్క దెబ్బ వినిపించింది.

క్యాంటీనులో కడిగిన టిఫిన్లు ఆరబెట్టే స్టీలు అరల మీద, అన్నిటికంటే పై అరలో, మూతల మధ్య పడుకుని ఉంది. ఎక్కడం మూతల కోసమే ఎక్కింది. ఎత్తుగా ఉండబట్టి ప్రాణం నిలిచింది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఓదెలన్న ఇచ్చిన మూత పైపుకు ఆనించి పట్టుకుని ఉంది. నా మాస్కు దాని మొహానికి పెట్టబోతే పెట్టనివ్వలేదు. ఓదెలన్న దాన్ని భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు. కప్పుకు దాని తల తగులుతుంటే అలాగే వెనక్కి నడిచాం.

బతికింది. దగ్గుతోంది, కానీ బతికింది. ఓదెలన్న ఆసుపత్రిలో ఉన్నాడు.

విచారణ రోజు

నేను దాచింది ఏమీ లేదు. అన్నీ ఒప్పుకున్నాను. నలభైసార్లు "ఉన్న అను" అని వెంటపడిన రోజు కూడా చెప్పాను. పర్వీన్ మేడం డబ్బాను టేబులు మీద నా ముందు పెట్టింది.

"మా తమ్ముని సంగతి నీకు చెప్పిన. చెప్పినంక కూడా చేసినవ్."

"చేసిన మేడం."

ఆరు నెలలు పిల్లలతో ఒంటరిగా ఉండకూడదన్నారు. మాటడబ్బాలన్నీ తీసుకున్నారు. ఒప్పుకున్నాను. ఒక్కటే అడిగాను, మళ్ళీ అదే. పన్నెండు లెక్కలు. అది మూడు లెక్కల పిల్ల కాదని చెడుగాలిలో కూడా చూపించింది కదా అన్నాను. ఓదెలన్న ఆసుపత్రి నుంచే కబురు పెట్టాడట, నేను చూసిన, నా వేళ్ళ మీద లెక్కపెట్టిన, అని.

చివరికి ఒక నెల చూద్దామన్నారు. గదిలో ఎవరి పేరుకైనా పన్నెండు లెక్కలు ఆగుతారు. గొంతు రానివాళ్ళు తమ గుర్తు చూపించవచ్చు, కానీ తలుపు కాపలాదారు స్వయంగా చూసి, విని మీట నొక్కాలి. "పన్నెండు," అంది పర్వీన్ మేడం. "పదమూడు గాదు. అందులో కూడా పలుకకపోతే పై వార్డే."

బయట సారక్క నిలబడి ఉంది. ఆ రోజు నుంచీ నాతో మాట్లాడలేదు. నేను ఆగాను. చాలాసేపు ఆగాను.

"దాని బదులు చెప్పకు అని నువ్వే అంటివి గదా టీచరమ్మా," అంది చివరికి.

ఆ డబ్బా మాట ముందు ఎత్తింది ఆమే. ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ ఊసు ఎత్తలేదు.

రెండో హాజరు

ఈ ఇరవై రోజులూ పిల్లతో కూర్చున్నది సారక్క. నేను తలుపు బయట స్టూలేసుకుని కూర్చుని, ఆమె అడిగితే చెప్పేదాన్ని. రెండు వారాలు జాబిలి మూత ముట్టలేదు. సారక్క ఒక్కరోజు కూడా అను అనలేదు. పక్కన కూర్చునేది, పైపు మీద రెండు దెబ్బలు కొట్టేది, ఆగేది, లేచి పనికి పోయేది. నాకంటే బాగా ఆగింది. పదిహేనో రోజు బదులు వచ్చింది. తర్వాత కొన్ని రోజులు వచ్చింది, కొన్ని రోజులు రాలేదు. నిన్న రాలేదు.

ఇవాళ సైరన్ మోగించలేదు, ఉత్తుత్తిదే గనక. ఓదెలన్న తలుపు దగ్గర మీట పట్టుకుని నిలబడ్డాడు. ఆసుపత్రి నుంచి వచ్చి నాలుగు రోజులే అయింది. పర్వీన్ మేడం అతని పక్కనే ఉంది, చేతిలో గడియారంతో. జాబిలి పంతొమ్మిదో బెంచీ కింద. నేను దాని దగ్గరికి పోకూడదు, నాలుగో బెంచీలోనే ఉన్నాను.

"ఆకుల జాబిలి."

సారక్క బెంచీ మీద రెండు దెబ్బలు కొట్టి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎవరూ దగ్గలేదు, కదలలేదు. ఐదు. ఆ "ఉన్న" నా చెవిలో మోగింది, చివర పైకి లేచే ఆ లేత గొంతు. ఎనిమిది. తొమ్మిది. సారక్క చేతులు నోటి మీదకు పోయాయి. పది. పదకొండు.

పన్నెండు.

ఓదెలన్నకు దగ్గు వచ్చింది. పన్నెండు కాగానే ఎర్ర మీట నొక్కాల్సిన చెయ్యి తీసి నోటికి అడ్డం పెట్టుకుని, వంగి, ఆగి ఆగి దగ్గాడు. పర్వీన్ మేడం గడియారం నుంచి తలెత్తి అతన్ని చూసింది. ఏమీ అనలేదు.

బెంచీ కింద నుంచి, స్టీలు మూతతో, ఒక్క దెబ్బ.

ఓదెలన్న నిటారుగా నిలబడి పచ్చ మీట నొక్కాడు. ఆ దగ్గు నిజం దగ్గో కాదో నేను అడగలేదు. ఎవరూ అడగలేదు. సారక్క బెంచీ కిందికి వంగి ఏదో చేస్తోంది, ఏడుస్తోందో నవ్వుతోందో ఇక్కణ్ణుంచి కనబడలేదు.

పెట్టె తర్వాత నా పేరు పిలిచింది. దుర్గం కళావతి. నోరు తెరిచాను, గొంతు పెగల్లేదు. పక్కవాళ్ళు నా వైపు చూశారు గానీ నా బదులు ఎవరూ పలకలేదు. ఓదెలన్న మీట ముట్టుకోకుండా నన్నే చూస్తూ ఆగాడు. ఉన్నానని చెప్పడానికి నాకు తొమ్మిది లెక్కలు పట్టింది.